మేస్త్రమ్మగారు కిందికి దిగిన శనివారం

అది జరిగింది ఈస్టరు పండుగ వెళ్ళిన రెండో శనివారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు. గంట ఇంత ఖాయంగా ఎలా చెబుతున్నానంటే, ధవళేశ్వరం వర్కుషాపులో శనివారాలు పని వదిలే గంట నాలుగింటికి కొట్టేవారు. ఆ గంట విని మా సంఘం పెద్దలు ముఖాలు కడుక్కుని, ఉతికిన అంగీలు తొడుక్కుని, దొరగారి బంగళా వసారా ఎక్కేసరికి అరగంట పట్టింది. ఏ సంవత్సరమని అడిగితే మాత్రం చెప్పలేను. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు, కొవ్వూరు పోవాలంటే పడవే. నా ఈడు వాళ్ళకి ఆ గుర్తు చాలు, చిన్నవాళ్ళకి ఏ సంవత్సరం చెప్పినా ఒకటే.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, కారణం మా కోడలు. మా మనవరాలి బడికి ఇనస్పెక్టరు దొరసాని వస్తోందని ఆడపిల్లలకి కోలాటం నేర్పుతున్నారట. మా కోడలు మొన్న పనిమాలా బడికి వెళ్ళి, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్నడూ ఆడి ఎరగరు, మా పిల్లని తప్పించండి అని పంతులమ్మతో చెప్పి వచ్చి, నా మెప్పు కోసం ఆ మాట నా దగ్గర మళ్ళీ చెప్పింది. నేను చింతపండులో గింజలు తీస్తూ, తల ఎత్తకుండా, "నేను ఒకప్పుడు డాన్సు క్లాసు నడిపానే అమ్మాయ్" అన్నాను. అది కాసేపు నా ముఖం చూసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ముసలిదానికి ఎండ దెబ్బ తగిలిందనుకుంది కాబోలు. నేను నీళ్ళు తాగి ఊరుకున్నాను. ఈ వయసులో ఎవరితోనైనా వాదించడమంటే నాకు వచ్చేది నీరసమే. కాని ఆ రాత్రి పడుకున్నాక, ఆ కాలం వాళ్ళలో ఇంకా మిగిలినది నేనే కదా, నాతో పాటు ఇదీ పోతుంది కదా అనిపించింది. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. కనుక రాతలో సొగసు వెతక్కండి. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప నాకు ఇంకో విద్య లేదు.

మా దొరసానిగారిది స్కాట్లాండు. ఇంగ్లీషు వాళ్ళు కదండీ అంటే ముఖం ముడుచుకునేవారు. తమ దేశం వేరనీ, అక్కడ కొండలూ వానా చలీ తప్ప ఎండ పేరుకే ఉంటుందనీ చెప్పేవారు. దొరగారు ఆనకట్ట వర్కుషాపులో లాకుల తలుపులూ పడవల ఇనుపసామానూ చేయించే ఇంజనీరు, మా ఆయన అదే వర్కుషాపులో సమ్మెట కొట్టేవాడు. నేను బంగళాలో ఆయాని. వాళ్ళ పిల్లలిద్దరినీ చదువులకని దేశం పంపించేశాక ఇక ఆయాకి పనేముంటుంది? అయినా దొరసానిగారు నన్ను మాన్పించలేదు. మధ్యాహ్నాలు ఆ ఖాళీ ఇంట్లో ఇంకో మనిషి అడుగుల చప్పుడు వినబడాలని ఉంచుకున్నారని నాకు తరవాత తెలిసింది.

ఆవిడ తెలుగు పాదిరి గారి మునషీ దగ్గర బైబిలు చదువుతూ నేర్చుకున్న తెలుగు. వంటవాడిని "ఓ మనుష్యుడా, ఉప్పు అధికమైయున్నది" అనేవారు. మాకు నవ్వొచ్చేది గాని, ఆవిడ నోట ఆ మాటలకి ఒక పెద్దరికం ఉండేది, నవ్వితే పాపం తగులుతుందేమో అన్నట్టుండేది.

ఆ దేశంలో చలికాలం వస్తే ఊరూరా కొట్టాల్లో ఫిడేలు పెట్టుకుని ఆడతారట. భూస్వామీ, కమ్మరీ, పాలేరూ, వాళ్ళ ఆడవాళ్ళూ అంతా ఒకే వరుసలో నిలబడతారట. వాళ్ళు అక్కడ చలికి ఆగలేక ఆడేవాళ్ళు. మేము ఇక్కడ ఆడి, ఉక్కకి ఆగలేకపోయేవాళ్ళం. మొదట్లో ఆవిడ ప్రతి శనివారమూ తెల్ల ఆడవాళ్ళనే పిలిచి ఆడించేవారు. డాక్టరుగారి భార్య, ఓవర్సీరుగారి భార్య, కాలవల దొర అక్కచెల్లెళ్ళు, అలాగ. అయితే ఈ గోదావరి గడ్డ మీద తెల్లవాళ్ళ లెక్క ఎప్పుడూ నిలవదు. ఒకరు కొండలకి పోయారు, ఒకరికి బదిలీ అయింది, ఒకావిడ జ్వరంతో పోయి ఇక్కడే సమాధిలో ఉంది. ఆటకి నాలుగు జతలు కావాలి. వసారాలో ఇద్దరే మిగిలిన ఒక శనివారం దొరసానిగారు నా వైపు తిరిగి, "నీవు వచ్చి నిలువుము" అన్నారు. అలా మొదలైంది. నా తరవాత మా చెల్లెలు, వంటవాడి భార్య, ఆవిడ కూతురు, తోటమాలి భార్య, చాకలావిడ. ఒకరి తరవాత ఒకరు.

మగవాళ్ళు లేరు. మా వైపు మగవాళ్ళు పరాయి ఆడవాళ్ళ చేతులు పట్టుకుని గెంతడమనే మాట నోటితో అనడానికి కూడా లేదు. జతలో ఒకరు మగవాళ్ళ చోట నిలబడాలి కనక, వాళ్ళు భుజాన ఎర్ర తుండుగుడ్డ వేసుకోవాలని దొరసానిగారే ఏర్పాటు చేశారు. మొదట్లో ఆ తుండుగుడ్డ వేసుకోమంటే సిగ్గుతో చచ్చేవాళ్ళు. నెల తిరక్కుండా దాని కోసం కొట్లాటలు. తుండుగుడ్డ వేసుకున్నదానికి చీర కొంగు సర్దుకునే బాధ లేదని చాకలావిడ అనేది గాని, కారణం అది కాదని అందరికీ తెలుసు. ఫిడేలు వాయించేది స్టోరు గుమాస్తా, దొరల రక్తమూ మన రక్తమూ కలిసిన ముసలాయన. ఆయన ఆడవాళ్ళని చూడకూడదు కనక, వట్టివేళ్ళ తడిక అవతల గోడవైపు తిరిగి కూర్చుని వాయించేవాడు. తడిక మీద చల్లిన నీళ్ళు ఆయన వీపు మీదే పడేవి.

రెండో ఏడు దొరసానిగారికి మోకాలు వాచింది, ఆ మీద జ్వరం. డాక్టరు నీలగిరి కొండలకి పొమ్మన్నాడు. వెళ్తూ నన్ను పిలిచి, "శనివారమును తప్పనియ్యకుము" అన్నారు. పెట్టెలూ మూటలూ పడవలో ఎక్కుతున్నాయి, ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అప్పటినుంచి క్లాసు నాది.

క్లాసు నడపడమంటే చప్పట్లు కొట్టి ఆడించడమనుకునేరు. శనివారం పొద్దున్నే లేచి వసారా కడిగించాలి, తడికలు తడిపించాలి, పంకా లాగేవాడు కల్లు దుకాణానికి పోకుండా కాపు కాయాలి, మిట్టమధ్యాహ్నపుటెండలో ఇంటింటికీ వెళ్ళి అత్తగార్లని బతిమాలి కోడళ్ళని బయటికి తేవాలి, ఒకామె చంటిపిల్లని ఇంకొకామె తల్లి ఒళ్ళో పెట్టించి, మరొకామె మొగుడికి కూడు తొందరగా వండించి, ఇంతా చేసి అందరినీ నిలబెట్టేసరికి ఒకామె నాకు కడుపు నొప్పని కూర్చుంటుంది. చైత్రం దాటితే ఒళ్ళంతా చెమట, ఊపిరాడదు, అరికాళ్ళు రాళ్ళకి కాలతాయి. ఎందుకొచ్చిన గోల అని ప్రతి శనివారమూ అనుకున్నాను. అయినా తడిక అవతల ఆ ముసలాయన తీగలు సవరించుకునే చప్పుడు రాగానే వాళ్ళ ముఖాల్లో ఒక మార్పు వచ్చేది చూడండీ, దాని గురించి నేనేమీ రాయలేను. చూసినవాళ్ళకి తెలుసు.

ఆట సంగతి చెప్పకపోతే గొడవ సంగతి బోధపడదు. నాలుగు జతలు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడతాయి. ఫిడేలు వైపున్నది పైజత. పైజత చేతులు పట్టుకుని వరుసల మధ్యగా దిగి వస్తుంది, మిగతావాళ్ళతో చేతులు కలిపి తిరుగుతుంది, ఆఖరికి వరుసల వెనకనుంచి నడిచి అందరికంటే కింద నిలబడుతుంది. మిగిలిన జతలు ఒక్కో చోటు పైకి జరుగుతాయి. రెండో జత పైజతవుతుంది. అదీ అలాగే కిందికి దిగుతుంది. అందరూ ఒకసారి పైనుంచి కిందికి దిగాక, మళ్ళీ ఎక్కడివాళ్ళు అక్కడికే చేరతారు. అంతే ఆట. స్కాట్లాండు వాళ్ళకి ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనబడలేదు. మా వాళ్ళకి కనబడింది.

మా సంఘంలో వర్కుషాపు మేస్త్రీగారు పెద్ద. మతంలోకి రాకముందు వాళ్ళు పొలాలున్నవాళ్ళు, మేము ఆ పొలాల్లో ఊడ్చినవాళ్ళం. మతంలోకి వచ్చాక అంతా ఒక్కటే అని ఆదివారం ఆదివారం పాడేవాళ్ళం. పాట అయ్యాక ఎవరి చాప వాళ్ళది. మేస్త్రీగారి భార్యని మేమంతా మేస్త్రమ్మగారు అనేవాళ్ళం. చెయ్యి తిరిగిన మనిషి, ఒడ్డూ పొడుగూ, ఆటలో ఆవిడ పాదం పడ్డట్టు ఇంకెవరి పాదమూ పడేది కాదు. దొరసానిగారున్నన్నాళ్ళు ఆవిడకి జత దొరసానిగారే. ఇద్దరూ కలిసి దిగేవారు, కలిసి కింద నిలబడేవారు. దొరసాని పక్కన నిలబడితే అది కిందెలా అవుతుంది? దొరసాని ఎక్కడుంటే అదే పైన. ఆవిడ కొండలకి పోయాక మేస్త్రమ్మగారు తన తోటికోడలిని జతగా తెచ్చుకున్నారు. మొదటి శనివారం ఆట మొదలైంది, ఇద్దరూ చక్కగా దిగారు, తిరిగారు. వెనకనుంచి నడిచి కింద ఆగాల్సిన చోట ఆగకుండా, తిన్నగా పైకి వచ్చి తమ పాత చోట నిలబడ్డారు. అక్కడ అప్పటికే రెండో జత ఉంది. ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుని ఆట చెడిపోయింది.

మరిచిపోయారేమో అనుకున్నాను. మళ్ళీ ఆడించాను. మళ్ళీ అదే. అలా ఎన్ని శనివారాలో. ఆవిడ నడకలో మరుపు లేదు. ఇంటినుంచి వీధిలోకి వెళ్ళినవాళ్ళు పనయ్యాక మళ్ళీ తమ ఇంటికే కదా వస్తారు, అలా వచ్చేసేవారు. చివరికి ఒకనాడు చప్పట్లు కొట్టి ఫిడేలు ఆపించి, "మేస్త్రమ్మగారండీ, మీరు కిందికండీ" అన్నాను.

"నా చోటు ఇదే."

"ఆటలో దిగాలండి. దిగితే మళ్ళీ ఒక్కొక్క చోటే పైకొస్తారు కదండీ."

"దొరసానిగారితో దిగాను, కాదన్లేదు. చాకల్దాని కింద నిలబడమంటే నిలబడతాననుకున్నావా ఆయమ్మా?"

చాకలావిడ నాలుగో జతలో తుండుగుడ్డ వేసుకుని ఉంది. తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ, "నిలబడితే మీ చీరలు తెల్లగా రావా ఏంటండీ" అంది.

అప్పుడు మా చెల్లెలు నవ్వింది. పైకి, గట్టిగా. రెండో జతలో నాకు జత అదే. అది నవ్వగా విని అప్పటికి నాలుగేళ్ళయింది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు గోదావరి వరదకి పడవతో పాటు పోయాడు. అత్తవారిది లంక గ్రామం, పొగాకు తోటలు. కూలికి మనిషి కావాలని వాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. అది మా అమ్మని వెంటబెట్టుకుని వచ్చేసి, మిషను ఆడపిల్లల బడిలో కూర్చుని చిన్నపిల్లలతో పాటు అక్షరాలు దిద్ది, పరీక్షలు ఇచ్చి, అదే బడిలో పంతులమ్మ అయింది. బడి వెనక గదిలో అదీ మా అమ్మా ఉండేవాళ్ళు. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచి వచ్చింది గాని, మేస్త్రమ్మగారి ముఖం చూసి వెంటనే మళ్ళీ కూలబడింది. ఆవిడ తోటికోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మరుసటి ఆదివారం గుడి అయ్యాక, మా సంఘంలో ప్రార్థన నడిపే ఉపదేశిగారు నన్ను పక్కకి పిలిచారు. బంగళాలో ఆడవాళ్ళు భోగంవాళ్ళలా ఆడుతున్నారని సంఘం చెవిన పడిందనీ, అందులో మిషను జీతం తినే విధవ ఒకతె ఉందనీ, అటువంటి మనిషి ఆడపిల్లలకి చదువు చెప్పడం తగదని పెద్దలు అనుకుంటున్నారనీ చెప్పారు. నా పేరు ఎత్తలేదు, తోటమాలి భార్య పేరు ఎత్తలేదు. మా దగ్గర తీసుకోవడానికి ఏముంది గనక? దాని దగ్గర ఉంది.

బడి వెనక గదికి వెళ్ళి చెల్లెలికి చెబితే అది ఏడవలేదు. పలకలు కడుగుతోంది, కడుగుతూనే ఉంది. "లంకకి మాత్రం పోనక్కా. ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటాను గాని" అంది. మా అమ్మ వినకుండా మెల్లగా అంది. అలాంటి మాటలు ఊరికే అనే మనిషి కాదది.

నేను మరునాడు పాదిరిగారు కాలవ పడవ దిగే రేవుకి పోయి నిలబడ్డాను. రాజమండ్రినుంచి నెలకొకసారి వచ్చి వారంపాటు ఉండేవారాయన, అది ఆ వారమే. ముసలాయన, మెత్తన. "చూడకుండా పాపమని ఎలా అంటారండీ అయ్యగారూ? ఒక్కసారి వచ్చి చూడండి, చూశాక మీ ఇష్టం" అన్నాను. ఆయన గొడుగు ముడుస్తూ సరే అన్నారు. శనివారం వర్కుషాపు గంట తరవాత అని ఖాయం చేశారు.

అదీ నేను మొదట చెప్పిన శనివారం. గాలి లేదు. గోదావరి ఎండి ఇసుకతిన్నెలు కనబడుతున్నాయి, వాటి మీదనుంచి వేడి సెగ వస్తోంది. దొరగారు కాలవలు తనిఖీ చేస్తూ సర్కీటులో ఉన్నారు. వసారా వాడుకోమని ముందే చెప్పి వెళ్ళారు, పెద్దరికం చెయ్యడానికి మాత్రం ఉండనన్నారు. పాదిరిగారికీ ఉపదేశిగారికీ మేస్త్రీగారికీ కుర్చీలు వేయించాను. ఫిర్యాదు తమది కనక మేస్త్రమ్మగారూ తోటికోడలూ కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. మా అమ్మ లోపలికి రానని మెట్ల మీదే కూర్చుంది. మేము ఆరుగురం, అంటే మూడు జతలం. నాలుగో జత కోసం వారమంతా తిరిగాను. పెద్దలు చూస్తారంటే ఒక్కతీ రాలేదు. వడ్రంగి భార్య ఒప్పుకుంది గాని, మొగుడు వద్దన్నాడు.

పంకా కిర్రుమంటోంది. పాదిరిగారు గడియారం తీసి చూసుకున్నారు. వెలుగుండగా పడవెక్కాలి కదా ఆయన. మేస్త్రీగారు గొంతు సవరించుకుని, "ఆట చూపిస్తామన్నారు. ఆడే మనుషులే ఉన్నట్టు లేరండి అయ్యగారూ" అన్నారు. ఉపదేశిగారు, అయితే ఇక లేద్దామా అన్నట్టు కుర్చీ జరిపారు. మా చెల్లెలు నేల వైపు చూస్తోంది.

వసారా ఊడ్చిన ఆవిడ స్తంభం పక్కన చీపురు పట్టుకుని చూస్తోంది. ప్రతి శనివారమూ అలాగే చూసేది. నాకు ఏం తోచిందో, ఎలా తోచిందో ఇప్పుడు చెప్పలేను. దాన్ని చూసి, "ఇలా రావే. వచ్చి పైన నిలబడు" అన్నాను.

"నేనా?"

"నువ్వే. జత సంగతి తరవాత చూద్దాం. ముందు నువ్వు పైన నిలబడు."

అది చీపురు గోడకి ఆనించి, చేతులు చీరకి తుడుచుకుని, వచ్చి మేస్త్రమ్మగారు ఎప్పుడూ నిలబడే రాయి మీద సరిగ్గా పాదాలు పెట్టి నిలబడింది. అప్పుడు చాప మీదనుంచి మేస్త్రమ్మగారు లేచారు.

"అది నా చోటు."

"మీరు ఆడట్లేదు కదండీ" అన్నాను.

ఆవిడ మొగుడి వైపు కూడా చూడలేదు. తోటికోడలి రెక్క పట్టుకుని, "లేవవే" అని లేపి, తడిక మీద వేలాడుతున్న ఎర్ర తుండుగుడ్డ తీసి దాని భుజాన పడేసి, గబగబా వచ్చి పైన నిలబడ్డారు. ఊడ్చే ఆవిడ పక్కకి తప్పుకుని, చీపురు తీసుకుంటూ, "చిటికె సేపు పైన నిలబడ్డానమ్మా. ఇక్కడి కంటే అక్కడ గాలేమీ చల్లగా లేదు" అంది. పాదిరిగారికి నవ్వొచ్చి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

నాలుగు జతలు కుదిరాయి. చప్పట్లు కొట్టాను, ఫిడేలు మొదలైంది.

ఆవిడ ఆడిన తీరు నేను చెప్పాలి. నామీద కోపం, మొగుడి ముందు పంతం, పెద్దల ముందు పరువు, అన్నీ కలిసి ఆ పాదాల్లోకి దిగినట్టున్నాయి. తోటికోడలిని లాక్కుంటూ మధ్యగా దిగారు, వచ్చారు, మాతో చేతులు కలిపి తిరిగారు. మా చెల్లెలి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు పట్టుకున్నారు. అది చల్లబడి మంచులా ఉందని తరవాత ఆవిడే అన్నారు. ఆఖరికి వరుసల వెనకనుంచి నడిచి కిందికి చేరారు. మేము ఒక చోటు పైకి జరిగాం. ఆవిడ ఆగలేదు. అలవాటు చొప్పున పైకి ఒక అడుగు వేశారు.

ఇదివరకైతే అక్కడ నేను చప్పట్లు కొట్టి ఆపేదాన్ని. ఈసారి కొట్టలేదు. తడిక అవతలి ముసలాయన గోడవైపు తిరిగి ఉన్నాడు, ఆయనకి ఇక్కడ ఏం జరుగుతోందో తెలియదు, నేను ఆపమంటే తప్ప ఆపడు. పాట సాగుతోంది. పైన మా చెల్లెలూ నేనూ చేతులు కలిపి అప్పుడే బయలుదేరుతున్నాం. ఆవిడ పైకి రావాలంటే కదులుతున్న మనుషుల్ని తోసుకుని రావాలి; వస్తే ఆట చెడగొట్టింది ఎవరో కుర్చీల్లో ఉన్నవాళ్ళకి తెలిసిపోతుంది. చాకలావిడ కాస్త పక్కకి ఒరిగి, ఆవిడకి మాత్రమే వినబడేటట్టు, "నిలబడండమ్మగారూ, ఇక్కడెవరూ కొరకరు" అంది.

మేస్త్రమ్మగారు నిలబడ్డారు. అందరికంటే కింద. గుండెలు ఎగసిపడుతున్నాయి, చెమట గడ్డం మీదనుంచి కారుతోంది, తల మాత్రం ఎత్తే ఉంచారు. మేము దిగాం, ఆవిడ కింద నిలబడ్డాం. వంటవాడి భార్యా కూతురూ దిగారు, తోటమాలి భార్యా చాకలావిడా దిగారు. ఒక్కో జత దిగినప్పుడల్లా ఆవిడ ఒక్కో చోటు పైకి వచ్చి, ఆట ముగిసేసరికి మొదట నిలబడ్డ రాయి మీదకే చేరారు. చేరి కుర్చీల వైపు చూశారు. ఈ ఏర్పాటంతా తనదే అన్నట్టు చూశారు.

పాదిరిగారు ఇందులో తనకి దోషమేమీ కనబడలేదనీ, తన దేశంలో తన తల్లి కూడా ఇలాంటిదేదో ఆడేదనీ, పంతులమ్మ ఉద్యోగానికి ఢోకా లేదనీ అన్నారు. మెట్ల మీద మా అమ్మ చేతులు జోడించింది. అప్పుడు మేస్త్రీగారు లేచి, ఎంతో మర్యాదగా, చేతులు కట్టుకుని అన్నారు. "మాకూ అభ్యంతరం లేదండి అయ్యగారూ. ఆడుకోనివ్వండి. అయితే ఒక్క మాట. ఎవరి చోట వాళ్ళుండి ఆడుకుంటే బాగుంటుందండి. ఈ కిందికి దిగడాలు మా సంఘానికి వద్దండి."

పాదిరిగారు మళ్ళీ గడియారం చూశారు. పడవ వేళ దాటుతోంది. అది సబబుగానే ఉందన్నారు, నన్ను చూసి, సమ్మతమేనా అని అడిగారు. నేను మా చెల్లెలిని చూశాను. అది ఇంకా ఒగరుస్తోంది, జుట్టు ముడి జారి భుజం మీద పడింది, నా నోటి వైపే చూస్తోంది.

"అలాగేనండి" అన్నాను.

క్లాసు ఎవరూ మూయించలేదు. ఆ మాట మేస్త్రీగారు బతికున్నన్నాళ్ళు చెప్పుకున్నారు, అబద్ధం కాదు. మరుసటి శనివారం మామూలుగానే వసారా కడిగించాను, తడికలు తడిపించాను, ఇంటింటికీ తిరిగాను. ఎవరి చోట వాళ్ళం నిలబడి ఆడాం. పైజత పైనే, కింది జత కిందే. ఎదుటిదానితో చేతులు కలిపి ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే. ఫిడేలు ముసలాయన పాట ఎన్నిసార్లు తిప్పి వాయించాలో తెలియక మధ్యలో ఆపి, "అయ్యిందా?" అని తడిక అవతలనుంచి అడిగాడు. అయ్యిందో లేదో మాకూ తెలియలేదు. ఆ పై శనివారం చాకలావిడ రాలేదు. రేవులో కనబడితే, ఎండలో వచ్చి ఎప్పుడూ కిందే నిలబడి గెంతడానికి నాకేం పట్టిందంది. అది సబబే. కాని ఆవిడకంటే ముందే రానని చెప్పింది మేస్త్రమ్మగారు. నేను పిలవడానికి వెళితే గుమ్మంలోనే నిలబడి, "ఒక్కచోట నిలబడ్డానికి బంగళాదాకా రావాలటే ఆయమ్మా? మా ఇంట్లో గుంజ లేదా?" అన్నారు. అని, తలుపు రెక్క పట్టుకుని, ఆ రోజు మీ చెల్లెలి చెయ్యి మంచులా ఉందే అన్నారు. అంతే, లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ గుళ్ళో ఎదురుపడితే తల ఊపేవారు.

వానలు పడ్డాక దొరసానిగారు కొండలనుంచి తిరిగివచ్చారు. జరిగింది చెప్పాను. మేడమీద కిటికీ దగ్గర కూర్చుని విన్నారు. ఎవరినీ తిట్టలేదు. మోకాలు నిమురుకుంటూ, "అది ఆట కాదు" అని మాత్రం అన్నారు. బైబిలు తెలుగు కాదు, మామూలు మాటల్లో అన్నారు. మళ్ళీ శనివారం ఊసు ఎత్తలేదు. ఏడాదికి దొరగారికి బదిలీ అయింది.

మా చెల్లెలు ఆ బడిలోనే పంతులమ్మగా ముసలిదైంది. ఆదివారం సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి, చేత్తో చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది. పోయి మూడేళ్ళవుతోంది. "అలాగేనండి" అన్నందుకు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు, మెచ్చుకోనూ లేదు. మళ్ళీ అంత గట్టిగా నవ్వగా కూడా నేను వినలేదు.

ఇప్పుడు రోజులు మారాయంటారు. మారాయి, కాదన్ను. వంతెన మీద రైల్లో టిక్కెట్టు కొన్నవాడు ఎవరి పక్కనైనా కూర్చుంటాడు. మా పేట పిల్లలు కచేరీల్లో గుమాస్తాలయ్యారు, మా మనవడు టెలిగ్రాఫు నేర్చుకుంటున్నాడు. పైకి వెళ్ళడం నేను చాలా చూశాను. తన వంతు అయ్యాక వెనకనుంచి నడిచి వచ్చి, కింద నిలబడి, ఇంకొకరు పైకి జరగడానికి చోటిచ్చిన మనిషిని మాత్రం ఆ శనివారం తరవాత ఇంతవరకు చూడలేదు. ఆవిడ కూడా ఇష్టపడి దిగలేదు, అది నాకు తెలుసు. అయినా దిగారు. ఇక రాయడానికి నాకు ఓపిక లేదు, చెయ్యి లాగుతోంది.

ఆ రోజు అక్కడున్నవాళ్ళని చెప్పి ఆపేస్తాను. ఎవరిని ముందు చెప్పినా ఇంకొకరికి కోపమే కనక, మేస్త్రమ్మగారు కింద నిలబడ్డ క్షణాన ఎవరు ఎక్కడున్నారో అలాగే చెబుతాను. పైన మా చెల్లెలు, నేను. మా తరవాత వంటవాడి భార్య, ఆవిడ కూతురు. ఆ తరవాత తోటమాలి భార్య, తుండుగుడ్డతో చాకలావిడ. అందరికంటే కింద మేస్త్రీగారి భార్య, ఆవిడ తోటికోడలు. కుర్చీల్లో పాదిరిగారు, ఉపదేశిగారు, మేస్త్రీగారు. బయట పంకా తాడు దగ్గర పంకా లాగేవాడు. తడిక అవతల, మాకు వీపు పెట్టి, స్టోరు గుమాస్తా. మెట్ల మీద మా అమ్మ. స్తంభం పక్కన, చీపురుతో, వసారా ఊడ్చే ఆవిడ.